తేదీ లేదు

బ్రాడీపేట నాలుగో లైనులో
మెట్ల కింద నా డీటీపీ కొట్టు.
మార్చి వస్తే పేజీకి మూడు తుమ్ములు.
యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందంటే
అక్షరాలకు కూడా కళ్ళు మండుతాయి.

నాగుల్‌మీరా తన సిద్ధాంత గ్రంథం తెచ్చాడు.
రెండొందల పన్నెండు పేజీలయ్యాక
గ్రంథసూచి.
అదీ వట్టి సూచి కాదు,
ప్రతి పుస్తకం కిందా నాలుగు మాటలుండాలట:
ఏం చెప్పింది, ఎవరి పక్షాన చెప్పింది,
ఎక్కడ నోరు మూసుకుంది,
మనకెందుకు.

"పదహారేళ్ళుగా కొడుతున్నా గ్రంథసూచులు,
ఇవన్నీ చదివారా అని ఎవర్నీ ఎవరూ అడగలేదే" అన్నాను.
"అది అడగడానికే అన్నా ఇది" అన్నాడు.

గైడు గారి పద్ధతి కాగితం స్క్రీనుకి అంటించుకున్నా.
ఇంటిపేరు ముందు, పక్కన కామా.
మన ఇంటిపేర్లు పుట్టినప్పట్నుంచీ ముందే నిలబడి ఉన్నాయి,
వాటికి మళ్ళీ ఈ అడ్డుకర్ర దేనికో.
పుస్తకం పేరు వాలు అక్షరాల్లో కావాలన్నారు.
తెలుగుని వాలిస్తే తలకట్లు జారి
గుడిదీర్ఘం పక్కింటి మీద పడుతుంది.
బొద్దుగా కొట్టి ఊరుకున్నా.
మొదటి వరుస అంచుదాకా,
మిగతావి అరంగుళం లోపలికి,
వానలో చూరు కింద ఒదిగినట్టు.
పాత ఫాంటులోంచి మారిస్తే వత్తులన్నీ ఊడిపోయాయి.
రాత్రి పదకొండు దాకా ఏరి ఏరి
ఎవరి వత్తు వాళ్ళకి అతికించాను.

అతికిస్తూ చదివాను.
ఒక నివేదిక కింద రాశాడు:
అంకెలు బాగున్నాయి. చేతులు లేవు.
ఒక చరిత్ర కింద:
ధరలన్నీ తెలిసిన రచయిత.
కాయకి తొడిమ ఉంటుందని ఏ పేజీలోనూ అనడు.
ఇంకో లావుపాటి దాని కింద:
మూడో అధ్యాయం తాలు.
తాలుని గైడు గారు ఎర్ర సిరాతో కొట్టేసి
"విశ్లేషణ బలహీనం" అని రాశారు.
తాలంటే ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు?

ఒక చోట మాత్రం ఇద్దరం ఆగిపోయాం.
"ఇంటిపేరు?" అడిగాను.
"నేనూ అడిగా. పుట్టిందా మెట్టిందా అంది.
టిక్కీల కాడ వట్టి దీనమ్మనే అంది."
అయితే ద కింద.

దీనమ్మ. కోల్డ్ స్టోరేజీ గోడ నీడన
మాట్లాడింది నలభై ఏడు నిమిషాలు.
తొడిమలు తీసిన కూలి లెక్క, ఆరేళ్ళది.
ఇంటి గోడ మీద బొగ్గు గీతలు.
అముద్రితం. తేదీ లేదు.
ప్రస్తుతం సున్నం కింద.

స్క్రీను మీద వేలు పెట్టాడు.
"తొడిమలు కాదన్నా. ఆమె తొడాలంది."
మార్చాను.

దాని కింద నాలుగు మాటలు ఆగలేదు, ఆరయ్యాయి:
ఈ ఆకరం కిలోల్లో కాదు, మంటల్లో లెక్కపెడుతుంది.
చేతులు మండి పిల్లని ఎత్తుకోని రోజుకి అడ్డగీత.
మేస్త్రీ ఎగ్గొట్టిన వారానికి సున్నా.
క్రిస్మస్‌కి మరిది వెల్ల వేశాడు.
ఇప్పుడు గోడ తడిమి చెబుతుంది, తడబడకుండా.
పరిమితి: చదవగలిగింది ఆమె ఒక్కతే.

మర్నాడు గైడు గారి ఫోను:
సరిచూసే వీల్లేని ఆకరం, తీసేయండి.
నాగుల్‌మీరా ఏమీ అనలేదు.
బయటికెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చాడు.
నా టీ సగం అయ్యాక అన్నాడు,
"ఉంచన్నా. వైవాలో అడిగితే
గోడ దగ్గరికి తీసుకెళ్తా."

ఉంచాను.
పైన త ఇంటిపేరుతో ఒక ప్రొఫెసరు,
కింద ధ తో ఒక కమిటీ.
జరగమని ఎవర్నీ అడగలేదు,
కంప్యూటరే చోటిచ్చింది.

పేజీకి పదిహేను, గ్రంథసూచికి ఇరవై,
కామాలెక్కువ కదా.
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ఒక్కటి నా కోసం మళ్ళీ తీశాను.
ప్రింటరులోంచి వెచ్చగా వచ్చింది.
"తేదీ లేదు" తర్వాత చుక్క పెట్టానో లేదోనని
అద్దాలు తుడుచుకుని చూశాను.
ఉంది.